అప్‌డేట్: గేర్‌బాక్సు వెనక్కెళ్తే కారు ఎందుకు గట్టిపడుతుంది?

కిందటి వారం అడిగాను కదండీ, 1997లో వచ్చిన ఐదో తరం కార్వెట్‌లో (షెవర్లే వాళ్ల స్పోర్ట్స్ కారు) గేర్‌బాక్సుని వెనక చక్రాల దగ్గరికి మార్చాక బాడీ మెలి తిరగడం ఎందుకు తగ్గిందని. ఇంజన్‌నీ గేర్‌బాక్సునీ కలిపే టార్క్ ట్యూబే వెన్నెముకలా పనిచేస్తోందని నా అనుమానం. సగం తప్పట. ట్యూబు ఆ రెండిటినీ ఒకే ముక్కలా పట్టి ఉంచుతుంది గానీ, అసలు కిటుకు టన్నెల్‌దని, అంటే కారు నేల మధ్యలో పొడవునా ఉండే, మామూలుగా అడుగున తెరిచి ఉండే గాడిదని ఒకాయన చెప్పారు.

నమ్మబుద్ధి కాలేదు. మాది భీమవరం పక్క పల్లె, రొయ్యల చెరువు గట్టు మీద పైపు ముక్కలకి కరువా! రెండడుగుల పీవీసీ ముక్కని మెలిపెడితే నా చేతులు నొప్పెట్టాయి గానీ అది కదల్లేదు. హాక్సాతో నిలువునా ఒక్క గాటు కోసి మళ్లీ తిప్పా. తడిబట్ట పిండినట్టు తిరిగిపోయింది, చీలిక అంచులు ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ జారుతూ. "మంచి పైపు పాడుచేశావు కదరా" అన్నాడు బాబాయి. చీలిక మీద రేకు పట్టీ వేసి దగ్గరదగ్గరగా స్క్రూలు బిగిస్తే మళ్లీ మొండికేసింది.

కార్వెట్‌లో జరిగిందీ అదే. టన్నెల్లో గేర్‌బాక్సు లేదు కాబట్టి కింద ప్లేటు వేసి బోల్టులతో మూసేయగలిగారు. అలాగని గేర్‌బాక్సు వెనకున్న ప్రతి కారూ గట్టిదని కాదు. దీనికి నీటి ఒత్తిడితో మలిచిన సైడ్ రెయిల్స్ (రెండు పక్కలా పొడవునా ఉండే దూలాలు) కూడా ఉన్నాయి. బరువు రెండు ఇరుసుల మీదా దాదాపు సమానంగా పడడం వేరే లాభం.

పైపు డబ్బులు మాత్రం బాబాయి ఇంకా అడుగుతూనే ఉన్నాడు.