ప్లస్ టూలో జీవశాస్త్రంతో పాటు గణితం కూడా ఉంచుకోవాలా?

బరంపురం గృహిణి:
నమస్కారం. మా అమ్మాయి మెట్రిక్ పూర్తిచేసి ప్లస్ టూ సైన్సులో చేరబోతోంది. మన ఊరి ఐఐఎస్‌ఈఆర్‌లో (కేంద్ర విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ) చేరి జీవశాస్త్రంలో పరిశోధన చేయాలని దాని పట్టుదల; ఎంకేసీజీ వైద్య కళాశాలలో ఎంబీబీఎస్ సీటు వస్తే చాలునని వాళ్ల నాన్నగారి ఆశ. భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు ఎలాగూ తప్పవు. నాలుగో సబ్జెక్టుగా గణితం తీసుకోవాలా, భారం తగ్గేలా ఐటీ తీసుకోవాలా అన్నది తేలడం లేదు. శామ్స్‌లో (ఒడిశా ఆన్‌లైన్ ప్రవేశాల పోర్టల్) దరఖాస్తు నింపేలోగా పెద్దలు సలహా చెప్పగలరు.

పర్లాకిమిడి మాస్టారు:
అమ్మా, ఐఐఎస్‌ఈఆర్ నిబంధన ప్రకారం భౌతిక, రసాయన, జీవ, గణిత శాస్త్రాలలో ఏ మూడు చదివినా దరఖాస్తు పెట్టవచ్చు. చాలామంది ఇక్కడివరకే చదివి గణితం వదిలేస్తారు. అయితే ప్రవేశ పరీక్షలో ఉండే 60 ప్రశ్నలలో నాలుగు శాస్త్రాలకూ తలా 15 ఉంటాయి, ప్రశ్నకు 4 మార్కులు, తప్పు రాస్తే ఒక మార్కు కోత. గణితం రాని పిల్ల 240 మార్కుల పరీక్షను 180కే రాస్తున్నట్టు లెక్క. అంత గట్టి పోటీలో ఆ 60 మార్కులను జీవశాస్త్రంతో పూడ్చుకోవడం నాకు నమ్మశక్యంగా లేదు. పైగా సీటు వచ్చాక కూడా జీవశాస్త్రం ఎంచుకునేవారితో సహా అందరూ మొదట్లో గణితం చదవవలసిందే. 12వ తరగతి జీవశాస్త్రంలోనే జనాభా పెరుగుదల పాఠం తీసి చూడండి: అక్కడున్నది అవకలన సమీకరణమే, అంటే మార్పు వేగాన్ని చెప్పే సమీకరణం. జనాభా పరిమితికి చేరువయ్యేకొద్దీ పెరుగుదల ఎందుకు మందగిస్తుందో ఆ సమీకరణం చూసి చెప్పగలిగిన పిల్లకు పాఠం బట్టీపట్టే పని ఉండదు.

రాయగడ విద్యార్థి:
మాస్టారి మాట కాదనను గాని, ఎంబీబీఎస్ ప్రవేశ పరీక్ష నీట్‌ను తక్కువగా చూడకండి ఆంటీ. అందులోని 720 మార్కులలో 360 జీవశాస్త్రానివే, గణితం ఊసే లేదు. బోటనీ, జువాలజీ రికార్డులు రాస్తూ, ఫిజిక్సు లెక్కలు చేస్తూ, మళ్లీ గణితం ట్యూషనుకు పరుగెత్తడం ఎంత కష్టమో నేను పడి చూశాను. ఇంట్లో నిజంగా ఎంబీబీఎస్సే మొదటి కోరికైతే ఐటీయే నయం.

బరంపురం గృహిణి:
కాలేజీలో ఐటీ తీసుకుని, గణితం ఇంట్లో చదివిస్తే సరిపోదా మాస్టారూ?

పర్లాకిమిడి మాస్టారు:
నిబంధన అడ్డురాదు గాని, బోర్డు పరీక్ష లేని సబ్జెక్టును రేపు చదువుదామని వాయిదా వేయని పిల్లలు అరుదు. అదీగాక గణితం లేకుండా ప్లస్ టూ అయితే కోల్‌కతా ఐఎస్ఐలో (భారత గణాంక సంస్థ) బి.స్టాట్ అనే గణాంకశాస్త్ర డిగ్రీకి దారి మూసుకుపోతుంది, ఇంజనీరింగుకు సరేసరి. పదహారేళ్లకే అన్ని తలుపులు మూయడమెందుకు? ఆ అబ్బాయి చెప్పిన భారం మాత్రం నిజమే. కాబట్టి గణితం తీసుకోండి, జేఈఈ కోచింగు జోలికి పోకండి. ఐఐఎస్‌ఈఆర్ పరీక్షకు 11, 12 తరగతుల ఎన్‌సీఈఆర్‌టీ స్థాయి చాలు. ముందుగా ప్రమేయాలు, అవధులు, అవకలనం, సంభావ్యత గట్టిపరచండి. ఫిజిక్సుకూ అవే అక్కరకొస్తాయి. వాళ్ల నాన్నగారికి కూడా ఈ సంగతి చెప్పండి, నీట్‌లో పిల్లలు తడబడేది ఎక్కువగా ఫిజిక్సులోనే.