మెదడు మీద పరిశోధన చేసేవాళ్లు డేటా సైన్స్ నేర్చుకోవాలా, తెలిసినవాళ్లకు అప్పగించాలా?

నిద్రలేని న్యూరాన్:
పీహెచ్‌డీలో చేరి ఏడాది కావస్తోంది. నాది ఈఈజీ పని, అంటే తలకు ఎలక్ట్రోడ్లు అంటించి మెదడు విద్యుత్ సంకేతాలను రికార్డు చెయ్యడం. మా గైడ్ గారేమో "ముందు ప్రయోగం సరిగ్గా చెయ్యి, అనాలిసిస్‌కు మనకు మనిషి ఉన్నాడు" అంటారు. సీనియర్లేమో కోడింగ్ రాకపోతే పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన ఉద్యోగం) దొరకదని భయపెడుతున్నారు. ఏం చెయ్యమంటారు?

వెట్‌ల్యాబ్ వీరుడు:
మీ గైడ్ గారి మాట వినండి. ఎలక్ట్రోడ్ సరిగ్గా అంటకపోతే, జెల్ ఎండిపోతే, ఆ తర్వాత ఎంత గొప్ప కోడ్ రాసినా దండగే. ఇప్పుడు అందరూ మెషీన్ లెర్నింగ్ అని ఎగబడుతున్నారు. కళ్లు మూసుకుంటే ఆల్ఫా తరంగం ఏమవుతుందో చెప్పమంటే మాత్రం నీళ్లు నములుతారు.

గణాంకాల పంతులు:
రికార్డింగ్ గురించి మీరన్నది కాదనను. కానీ "మనిషి ఉన్నాడు" అన్నారే, ఆ మనిషి చేసింది తప్పో ఒప్పో చూసేదెవరు? 2020లో నేచర్‌లో ఒక పేపర్ వచ్చింది. ఒకే ఎఫ్‌ఎంఆర్‌ఐ (మెదడులో ఏ భాగం పనిచేస్తోందో రక్తప్రవాహాన్ని బట్టి చూపే స్కాన్) డేటాను 70 బృందాలకు ఇచ్చి, అవే 9 ప్రతిపాదనలను పరీక్షించమన్నారు. ఏ రెండు బృందాలూ అచ్చంగా ఒకే దారిలో వెళ్లలేదు. కొన్ని ప్రతిపాదనల మీద తీర్పులు బాగా చీలిపోయాయి. ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి, సవరణ ఎలా చెయ్యాలి లాంటివి పైకి చిన్న నిర్ణయాలే. వాటిని డేటా ఎలా పుట్టిందో చూడనివాళ్ల చేతిలో పెట్టేస్తారా?

పీ వాల్యూ పీడితుడు:
చచ్చిన చేప సంగతి ఎవరూ ఎత్తలేదేం? చచ్చిన సాల్మన్‌ను స్కానర్‌లో పెట్టి మనుషుల ఫొటోలు చూపించారు. స్కాన్‌లోని వేల వోక్సెల్స్‌ను (చిన్న చిన్న ఘనపు ముక్కలను) విడివిడిగా పరీక్షిస్తే కొన్ని కాకతాళీయంగానే పాజిటివ్ అని తేలతాయి. అన్ని పరీక్షలు చేసినందుకు లెక్కలో సవరణ చెయ్యకుండా వదిలేస్తే చేప మెదడులోనూ 'స్పందన' కనిపించింది. సవరణ చెయ్యగానే మాయం. 2012లో దానికి ఇగ్ నోబెల్ (నవ్విస్తూనే ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి) కూడా ఇచ్చారు.

వెట్‌ల్యాబ్ వీరుడు:
ఆ సవరణ ఇప్పుడు ప్రతి టూల్‌బాక్స్‌లోనూ ఉంది కదండీ. బటన్ నొక్కితే సరి.

గణాంకాల పంతులు:
బటన్‌ను నమ్ముకున్నందుకే 2016లో అంత గొడవైంది! ఎక్లుండ్ అనే పరిశోధకుడి బృందం ఎస్‌పీఎం, ఎఫ్‌ఎస్‌ఎల్, ఏఎఫ్‌ఎన్‌ఐ అనే ఎఫ్‌ఎంఆర్‌ఐ సాఫ్ట్‌వేర్‌లను పరీక్షించింది. 5 శాతం ఉండాల్సిన తప్పుడు పాజిటివ్‌లు (లేని స్పందన ఉందని చూపడం), పక్కపక్క వోక్సెల్స్‌ను గుంపుగా చూసే క్లస్టర్ పద్ధతిలో కొన్ని సెట్టింగులకు 70 శాతం దాకా వచ్చాయి. ఒక సాఫ్ట్‌వేర్‌లో బగ్ అయితే 15 ఏళ్లు అలాగే ఉండిపోయింది.

పోస్ట్‌డాక్ పక్షి:
వీళ్ల వాదన ఇప్పట్లో తెగదు గానీ, న్యూరాన్ గారూ, మీరు మాత్రం ఆన్‌లైన్ కోర్సుల వెంట పడకండి. ఇళ్ల ధరలు అంచనా వేసే అభ్యాసాలు చేసి మీకు ఒరిగేదేమీ లేదు. మీ రికార్డింగ్ మీదే నేర్చుకోండి.

ఈ మధ్య ఒక జూనియర్ తన మోడల్ చూపించింది. ఈఈజీ చూసి జబ్బున్నవాళ్లెవరో, లేనివాళ్లెవరో చెప్పే మోడల్. యాక్యురసీ దాదాపు నూటికి నూరు. ప్రతి మనిషి రికార్డింగ్‌నూ రెండేసి సెకన్ల ముక్కలు చేసి, అన్నిటినీ కలిపేసి, అప్పుడు ట్రైనింగ్ (మోడల్‌కు నేర్పడానికి), టెస్ట్ (నేర్చిందో లేదో చూడటానికి) అని విడదీసిందట. అంటే ఒకే మనిషి ముక్కలు రెండు వైపులా ఉన్నాయి. మోడల్ పట్టుకున్నది జబ్బును కాదు, మనిషిని. మనుషులవారీగా విడదీసి మళ్లీ నడిపితే, బొమ్మా బొరుసా వేసుకున్నా అంతే వచ్చేది. కోడ్‌లో ఒక్క ఎర్రర్ కూడా రాలేదు, అదీ తమాషా.

వెట్‌ల్యాబ్ వీరుడు:
అది పట్టుకోవడానికి డేటా సైన్స్ దేనికి? ఏ ముక్క ఎవరిదో గుర్తుంటే చాలు.

పోస్ట్‌డాక్ పక్షి:
గుర్తుంటే సరిపోదండీ. ఆ విడదీత కోడ్‌లో ఏ లైన్లో జరిగిందో చదవగలగాలి. నేను నేర్చుకోమనేది అంతవరకే. కొత్త అల్గారిదమ్‌లు కనిపెట్టమనడం లేదు.

నిద్రలేని న్యూరాన్:
అయితే మా ల్యాబ్ పాత పేపర్ అనాలిసిస్ కోడ్ అడిగి తీసుకుని, దాన్ని చదవడం నేర్చుకుంటాను. అది మాట్‌ల్యాబ్‌లో ఉంది. పైథాన్‌లోకి మార్చుకోనా?

పోస్ట్‌డాక్ పక్షి:
అప్పుడే వద్దు. ముందు ఉన్నదాన్ని ఉన్నట్టే నడిపి, పేపర్‌లో వేసిన గ్రాఫ్ వస్తుందేమో చూడండి. రాకపోతే ఎందుకు రాలేదో వెతకండి. మీకు కావలసిన కోర్సు అదే, ఫీజు కూడా లేదు.