కీర్తనల గ్రంథాన్ని నెల రోజుల్లో ప్రార్థనగా ముగించేవారికి ఒక ప్రశ్న

ప్రభువునందు ప్రియులైన అందరికీ వందనములు. ఆంగ్లికన్ (ఇంగ్లండు సంఘ సంప్రదాయపు) ప్రార్థన పుస్తకంలో బైబిలులోని 150 కీర్తనలను 30 దినాలకు, ఉదయం కొన్ని, సాయంత్రం కొన్ని చొప్పున విభజించిన పద్ధతిని మూడు నెలలుగా కుటుంబ ప్రార్థనలో అనుసరిస్తున్నాను. 176 వచనాల 119వ కీర్తన కూడా అందులో 24వ తేదీ సాయంత్రం మొదలై 26వ తేదీ సాయంత్రానికి ముగుస్తుంది గనుక భారమనిపించదు.

నాకు కష్టమనిపిస్తున్నది వేరు. శత్రువులను శపించే 109వ కీర్తనను, పసిపిల్లలను బండకు కొట్టే మాటతో ముగిసే 137వ కీర్తనను, శత్రువులను ప్రేమించుమన్న క్రీస్తు మాట ఎరిగిన నేను నా సొంత ప్రార్థనగా ఎలా పలకాలి? చివరి మాట వరకు చీకటే మిగిలే 88వ కీర్తన మాత్రం, విచిత్రంగా, మా అమ్మగారు మంచాన పడిన రోజుల్లో నాకు అన్నిటికంటె దగ్గరైంది. కాబట్టి కఠినమైనవాటిని దాటవేయడానికి మనసొప్పడం లేదు. మీరు వాటిని బిగ్గరగా చదువుతారా, మౌనంగా ధ్యానిస్తారా, లేక అన్యాయానికి గురైనవారి పక్షాన విజ్ఞాపనగా మార్చుకుంటారా? ముఖ్యంగా పిల్లలు పక్కన కూర్చున్నప్పుడు ఏమి చేస్తారో అనుభవంతో తెలియజేయగలరు. చిన్న సందేహం మరొకటి: కీర్తనల్లో అక్కడక్కడ కనిపించే 'సెలా' అనే మాటను బిగ్గరగా చదివేటప్పుడు పలకాలా, లేక అక్కడ కాసేపు ఆగితే చాలునా?