అప్‌డేట్: సొంతంగా కట్టిన ట్రైలర్ డ్రాబార్ దగ్గర పగులు, కారణం తెలిసింది

వెల్డింగ్ నేర్చుకుంటూ మినీ ట్రాక్టరుకి చిన్న ట్రైలర్ కట్టానని, బస్తాలు వేసి తిప్పితే డ్రాబార్ (ట్రైలర్‌ని ట్రాక్టరుకి తగిలించే ముందు కడ్డీ) ఫ్రేముకి కలిసేచోట పగిలిందని ఇక్కడ అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు. ముఖ్యంగా "ముందు పగులు ఎక్కడుందో చూడు" అన్నవారికి. తేలింది అక్కడే.

ట్రాక్టర్ ట్రక్కులు బాగుచేసే మేస్త్రికి చూపించాను. పగులు వెల్డ్ నడుమ లేదు, దాని అంచును ఆనుకుని డ్రాబార్‌కి వాడిన ఛానల్ (C ఆకారపు) ఇనుములో ఉంది. డ్రాబార్ కింది రెక్క (ఛానల్ అడుగున ఉండే పలక) మీద వెల్డ్ అడ్డంగా పడింది. బరువుకి ఎక్కువగా సాగేది ఆ రెక్కే, అందుకే గతుకు గతుక్కీ ఆ అంచు అలిసి చిట్లిందట.

పగులు చివర బెజ్జం వేసి, గ్రైండర్‌తో మొత్తం తవ్వి, ఆరబెట్టిన 7018 రకం వెల్డింగ్ రాడ్‌తో నింపి చదును చేశారు. పైన రెండు కొసలూ సన్నగా కోసిన పట్టీ వేసి, పొడుగు వెంబడి మాత్రమే వెల్డ్ చేశారు. కొసల దగ్గర అడ్డంగా వెల్డ్ వేయనివ్వలేదు. అసలు కిటుకు ఇదే.

జవాబుల్లో వచ్చిన మిగతా సలహాల సంగతి: ఆంప్స్ (వెల్డింగ్ కరెంటు) పెంచడం, టైర్లలో గాలి తగ్గించడం దీనికి సంబంధం లేనివి. యాక్సిల్ వెనక్కి జరిపితే డ్రాబార్ మీద బరువు ఇంకా పెరిగేది.

ఇసుక నింపి కాలవ గట్టు మీద తిప్పాక డీజిల్ పూసి, తుడిచి, సుద్ద రాశాను. పగులుంటే సుద్ద మీద తడి గీత తేలుతుంది. ఏమీ తేలలేదు.