నెమలికంఠం చీర ప్రింట్‌లో చచ్చిపోతోంది, ఏం చేయాలి?

మగ్గం_ఇల్లు
మాది మంగళగిరి. నాన్న నేసిన చీరలు సైట్‌లో పెడుతున్నా, 40 పేజీల కేటలాగ్ కూడా వేయిస్తున్నాం. నెమలికంఠం చీర ఫోన్‌లో మెరుస్తోంది, ప్రెస్ ఇచ్చిన ప్రూఫ్‌లో (నమూనా ప్రింట్‌లో) బూడిద కలిపినట్టు వచ్చింది. సీఎంవైకేలోకి (ప్రింటింగ్‌లో వాడే నాలుగు సిరాల రంగుల పద్ధతి) నేనే మార్చి ఇవ్వాలా? సైట్‌కి ఎంత సైజు ఉండాలి? వాటర్‌మార్క్ ఎక్కడ వేస్తే మంచిది?

బెజవాడ_డిజైనర్
ముందు డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు) చూసుకోండి. వెబ్‌కి 72, ప్రింట్‌కి 300. సగం సమస్యలు అక్కడే.

లెన్స్_వీర
మళ్లీ ఆ 72! ఫైల్‌లో 72 ఉన్నా 300 ఉన్నా బ్రౌజర్ పట్టించుకోదు. దానికి కావలసింది పిక్సెల్స్. ఆ అంకె 1984 నాటి మాకింతోష్ స్క్రీన్ నుంచి వచ్చింది, ఇంకా మోస్తున్నాం.

బెజవాడ_డిజైనర్
18 ఏళ్లుగా ప్రెస్‌లో ఉన్నాను. 72తో ఫైల్ వస్తే తిప్పి పంపిస్తాం. మీరు ఎన్ని కేటలాగ్‌లు వేయించారు?

లెన్స్_వీర
అనుభవం గురించి కాదు, లెక్క గురించి మాట్లాడదాం. 3600 × 5400 పిక్సెల్స్ ఉంటే, 72 అని చూపించినా 12 × 18 అంగుళాలకి 300 వస్తుంది. వాట్సాప్‌లో వచ్చిన 1600 పిక్సెల్స్ ఫోటోని 18 అంగుళాలకి లాగితే అంగుళానికి 89 కూడా రావు. అక్కడ 300 అని టైప్ చేస్తే లేని వివరం ఎక్కడి నుంచి వస్తుంది?

చెల్లి_పెళ్లి
ఆ వాట్సాప్ దెబ్బ మాకు తగిలిందండీ. సెలెక్షన్ కోసం పంపిన ఫోటోలనే ఫోటోగ్రాఫర్ 12 × 36 షీట్లకి ఎక్కించాడు. అప్పగింతల ఫోటోలో అమ్మ ముఖం మైనం ముద్దలా ఉంది. ఒరిజినల్స్ అడిగితే కార్డు ఫార్మాట్ చేసేశానన్నాడు. ఆల్బమ్ తెరిచినప్పుడల్లా కడుపు రగిలిపోతుంది. దయచేసి డాక్యుమెంట్‌గా పంపమనండి, లేదా పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి.

బెజవాడ_డిజైనర్
అది ఫోటోగ్రాఫర్ తప్పు. నేను చెప్పింది వేరు, మీరంతా కలిసి నా మీద పడుతున్నారు.

ల్యాబ్_బాబాయ్
అమ్మాయీ, వాళ్ల గొడవ వదిలెయ్. నెమలికంఠంలో పడుగు ఒక రంగు, పేక ఒక రంగు. వెలుతురు కోణం మారితే నీలం పచ్చవుతుంది. ఎండలో కాకుండా వరండా నీడలో, రంగు సరిచూసుకోవడానికి పక్కన గ్రే కార్డు పెట్టి తియ్యి. స్క్రీన్ మీద కనిపించే ఆ మెరుపు నీలాలు, రాణి పింక్‌లు నాలుగు సిరాలకి పూర్తిగా అందవు. నువ్వు ఊరికే సీఎంవైకే చెయ్యకు. ఏ కాగితం, ఏ ప్రొఫైల్ (రంగుల్ని ఎలా చూపించాలో చెప్పే లెక్క) అని ప్రెస్‌ని అడుగు. చీర వెంట తీసుకెళ్లి, మొదటి షీట్ పక్కన పెట్టి చూడు. అంచుల్లో 3 మి.మీ. అదనంగా వదులు, కటింగ్‌లో పోతుంది.

గళ్ల_చీర
మాకు రంగు కాదు, గళ్లే తలనొప్పి. సైట్ కోసం ఫోటో చిన్నది చేస్తే సన్న గళ్ల మీద అలలు వస్తున్నాయి. నేతలో లోపమని ఒకావిడ చీర వెనక్కి పంపేసింది. కొంచెం మసక చేసి తగ్గిస్తే పోయింది.

లెన్స్_వీర
సైట్‌కి ఎస్‌ఆర్‌జీబీలోనే (స్క్రీన్లకి మామూలుగా వాడే రంగుల పద్ధతి) సేవ్ చేయండి. ఇంకా ఎక్కువ రంగులు పట్టే అడోబ్ ఆర్‌జీబీలో తీసినది ప్రొఫైల్ లేకుండా పెడితే రంగు వెలిసినట్టు కనిపిస్తుంది. వెడల్పు 1600 పిక్సెల్స్ చాలు. ఒరిజినల్ ముట్టుకోకండి, జేపెగ్ మళ్లీ మళ్లీ సేవ్ చేస్తే ప్రతిసారీ కొంత పోతుంది.

మగ్గం_ఇల్లు
బాబాయ్ గారూ, నీడలో తీశాను. కొంగు దగ్గర పచ్చ స్పష్టంగా పడింది. సోమవారం చీర తీసుకుని ప్రెస్‌కి వెళ్తున్నాం, నాన్న కూడా వస్తానన్నారు. వాటర్‌మార్క్ సంగతి ఎవరైనా చెప్పండి.

బెజవాడ_డిజైనర్
వెళ్లేటప్పుడు ఫైల్‌లో 300 పెట్టుకునే వెళ్లండి.