జెన్‌డెస్క్: ఒక డ్రాప్‌డౌన్‌లో ‘ఇతర’ ఎంచుకుంటే రెండో దాంట్లోనూ అదే పడుతోంది

కొత్త_అడ్మిన్:
జెన్‌డెస్క్‌లో (కస్టమర్ల సమస్యలను టికెట్లుగా నమోదు చేసి చూసుకునే సాఫ్ట్‌వేర్) టికెట్ ఫారంలో ‘సమస్య రకం’, ‘పరికరం’ అని రెండు డ్రాప్‌డౌన్ కస్టమ్ ఫీల్డులు పెట్టాను. రెండింట్లోనూ చివరి ఆప్షన్ ‘ఇతర’. ఏజెంట్ మొదటిదాంట్లో అది ఎంచుకుని సేవ్ చేస్తే రెండోదాంట్లోనూ వచ్చి కూర్చుంటోంది. ఇంకో రెండు సందేహాలు: ‘సమస్య రకం’ తప్పనిసరి చేసినా ఈమెయిల్ టికెట్లలో ఖాళీగానే ఉంటోంది, ఎందుకు? సీరియల్ నంబరుకు ఏ రకం ఫీల్డ్ మంచిది? రెండు ఇంగ్లీష్ అక్షరాలు, వెంట ఆరు అంకెలు ఉంటాయి.

ట్యాగ్_పహారా:
రెండు ‘ఇతర’లకూ ట్యాగ్ ఒకటే అయి ఉంటుంది, చూడండి. డ్రాప్‌డౌన్‌లో కనిపించే పేరు మనుషుల కోసం. సిస్టమ్ చూసేది ఆప్షన్ పక్కనున్న ట్యాగ్‌నే. టికెట్ మీద ఆ ట్యాగ్ పడగానే అదే ట్యాగ్ ఉన్న ప్రతి డ్రాప్‌డౌనూ దాన్ని తన విలువగా తీసుకుంటుంది.

అడ్మిన్ సెంటర్‌లో ‘ఆబ్జెక్ట్స్ అండ్ రూల్స్’ కింద టికెట్స్, ఫీల్డ్స్‌కి వెళ్లి ట్యాగులకు ఫీల్డ్ పేరు ముందు తగిలించండి: ఒకచోట ‘ఇష్యూ_అదర్’, ఇంకోచోట ‘డివైస్_అదర్’. కానీ మార్చేముందు పాత ట్యాగ్ ఏయే ట్రిగ్గర్లలో (తమంతట తాము నడిచే నియమాలు), వ్యూలలో (షరతుకు సరిపోయే టికెట్ల జాబితాలు), మాక్రోలలో (ఒక్క నొక్కుతో జరిగే మార్పులు) ఉందో రాసిపెట్టుకోండి. అవి వాటంతట అవి మారవు, ఎర్రర్ కూడా చూపవు, ఊరికే పనిచేయడం మానేస్తాయి. పేరు మాత్రం ఎన్నిసార్లు మార్చుకున్నా పర్వాలేదు.

సీరియల్‌కు సంఖ్య ఫీల్డ్ కుదరదు, అక్షరాలు పట్టవు. రెగెక్స్ ఫీల్డ్ (ఇచ్చిన నమూనాకు సరిపోయేదాన్నే ఒప్పుకునేది) పెట్టండి. నమూనాకు మొదటా చివరా యాంకర్లు (మొదలును, ముగింపును సూచించే ^, $ గుర్తులు) తప్పకుండా ఉండాలి. లేకపోతే పొడుగాటి చెత్తలో ఎక్కడో సరిపోయే ముక్క ఉన్నా ఒప్పేసుకుంటుంది. ఫీల్డ్ రకాన్ని ఒకసారి సృష్టించాక మార్చలేరు, కాబట్టి ముందే తేల్చుకోండి.

ఫారం_మేస్త్రి:
ఈమెయిల్ సంగతి: కస్టమర్‌కు తప్పనిసరి అనే నిబంధన వెబ్ ఫారానికే. మెయిల్ పంపినవాళ్లు ఫారం చూడనే లేదు కదా. ఏజెంట్ వైపు ‘సాల్వ్ చేయడానికి తప్పనిసరి’ అనే సెట్టింగ్ వేరుగా ఉంటుంది, అది ఆన్ చేయండి. ఫారంలో షరతులు (ఒక ఫీల్డ్ విలువను బట్టి ఇంకో ఫీల్డ్ చూపేవి) వాడుతుంటే ఏజెంట్లకూ కస్టమర్లకూ విడివిడిగా రాయాలి. షరతులో ఇచ్చిన ‘తప్పనిసరి’ ఫీల్డ్‌లో పెట్టినదాన్ని పక్కకు నెడుతుంది. చాలామంది తికమకపడేది ఇక్కడే.

కొత్త_అడ్మిన్:
ట్యాగ్ ఒకటే ఉందండి, మార్చేశాను. మెయిల్ టికెట్ రాగానే ట్రిగ్గర్‌తో ‘వర్గీకరించలేదు’ అని నింపేస్తే? రిపోర్టులో ఖాళీలు ఉండవు కదా.

ఫారం_మేస్త్రి:
అలా చేయకండి. విలువ ఉంది కాబట్టి తప్పనిసరి నిబంధన తీరిపోయినట్టే. ఏజెంట్ దాన్ని ముట్టుకోకుండా సాల్వ్ చేసేస్తాడు, రిపోర్టంతా ‘వర్గీకరించలేదు’తో నిండిపోతుంది. ఖాళీగానే వదిలి, ‘సమస్య రకం’ ఖాళీగా ఉన్న ఓపెన్ టికెట్లతో ఒక వ్యూ చేయండి.

రిపోర్టు_రాత్రులు:
అన్ని ఫీల్డులూ తప్పనిసరి చేయాలన్న ఉత్సాహం కూడా వద్దు. సాల్వ్ చేసే తొందరలో ఏజెంట్ జాబితాలో చేతికందింది నొక్కేస్తాడు. ఖాళీ ఫీల్డ్ కనీసం అబద్ధం చెప్పదు. నేనైతే ఒక్క సమస్య రకాన్నే తప్పనిసరి చేస్తాను. జాబితా పెద్దదైతే పేర్ల మధ్య రెండు కోలన్లు (::) పెట్టండి, ‘నెట్‌వర్క్::వైఫై’ లాగా, ఉపమెనూలుగా విడిపోతుంది.

ట్యాగ్_పహారా:
పాత టికెట్ల మీద పాత ట్యాగే ఉంటుంది, వాటినీ సరిచేయాలి. ఏపీఐలో (ప్రోగ్రామ్‌తో జెన్‌డెస్క్‌ను నడిపే మార్గం) ఒక్కో బల్క్ అప్‌డేట్ కాల్‌కు 100 టికెట్ల దాకా పంపొచ్చు. క్లోజ్డ్ స్థితిలో ఉన్నవి మాత్రం మారవు. రిపోర్టులో పాత ట్యాగ్‌నూ కొత్తదాన్నీ కలిపి లెక్కేసుకోవాల్సిందే. ఇంకోటి, అప్‌డేట్ నడిచినప్పుడు ట్రిగ్గర్లు కూడా నడుస్తాయి. ‘టికెట్ అప్‌డేట్ అయితే కస్టమర్‌కు మెయిల్’ అని, కామెంట్ షరతు లేకుండా రాసుకున్న ట్రిగ్గర్ ఏదైనా ఉంటే ముందు ఆపండి. అయిదు టికెట్ల మీద చేసి చూసి, ఆ తర్వాతే మిగతావి.