వాడిన లైకా ఎమ్9 కెమెరాకి మొదటి లెన్స్: 35 మి.మీ. మేలా, 50 మి.మీ. మేలా?

తీరం_వైజాగ్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. సెకండ్ హ్యాండ్‌లో లైకా ఎమ్9 బాడీ ఒక్కటే తీసుకున్నాను. సెన్సర్ మార్చినట్టు సర్వీసు కాగితం ఉంది. లెన్స్ ఇంకా కొనలేదు. నాకు కళ్లద్దాలున్నాయి. ఎక్కువగా తీసేది పూర్ణా మార్కెట్, జాలరిపేట వైపు మనుషుల్ని, సాయంత్రాలు ఇంట్లో పిల్లల్ని.

ఇప్పటికి నాలుగు చూసి పెట్టుకున్నాను: ఫోక్ట్‌లాండర్ కలర్ స్కోపార్ 35 ఎఫ్/2.5, వాళ్లదే నాక్టన్ క్లాసిక్ 35 ఎఫ్/1.4, జైస్ ప్లానార్ 50 ఎఫ్/2, ఇంకా బాగా చవగ్గా దొరుకుతున్న పాత రష్యన్ జూపిటర్-8 50 ఎఫ్/2. ఒక్కటే కొనగలను. దేనితో మొదలుపెట్టమంటారు? ఎందుకో కూడా చెబితే మేలు.

చూపుమేర

ఎస్‌ఎల్‌ఆర్‌కి (లెన్స్ గుండానే చూసి తీసే కెమెరాకి) లెన్స్ ఎంచుకున్నట్టు దీనికి ఎంచుకోకండి. ఇందులో మీరు లెన్స్ గుండా చూడరు. కాబట్టి ముందు మీ కంటికి ఏ ఫ్రేమ్ సుఖంగా కనిపిస్తుందో తేల్చుకోవాలి. ఎమ్9 ఫైండర్ (కన్ను పెట్టి చూసే కిటికీ) 0.68 రెట్లది. అందులో ఫ్రేమ్ లైన్లు, అంటే ఏ లెన్స్‌కి ఎంత మేర వస్తుందో చూపే గీతలు, జంటలుగా వస్తాయి: 28తో 90, 35తో 135, 50తో 75. మౌంట్ పక్కనున్న చిన్న మీటను వేలితో నొక్కితే లెన్స్ లేకుండానే మూడు జంటలూ మారుతూ కనిపిస్తాయి. అద్దాలు పెట్టుకునే ఈ పని ఇవాళే చేసి చూడండి. చాలామందికి అద్దాలతో 28 ఫ్రేమ్ నాలుగు మూలలూ ఒకేసారి కనిపించవు, కన్ను అటూ ఇటూ తిప్పాలి. 35 అంచులు దాదాపు అందుతాయి. 50 హాయిగా కనిపిస్తుంది, చుట్టూ ఖాళీ కూడా మిగులుతుంది.

తర్వాత చూడాల్సింది మీ ఇంటి హాలు. రెండు మీటర్ల దూరంలో 35 అడ్డంగా సుమారు 2.05 మీటర్ల వెడల్పు పట్టుకుంటుంది, 50 అయితే 1.45 మాత్రమే. పది పన్నెండడుగుల గదిలో ఇద్దరు పిల్లలు నేల మీద కూర్చుని ఆడుకుంటుంటే 50తో వెనక్కి జరగడానికి గోడ అడ్డొస్తుంది. మార్కెట్ సందుల్లోనూ అంతే. అందుకే మీ అవసరానికి 35 అంటాను.

ఎఫ్ నంబరు సంగతి (అంకె చిన్నదైతే లెన్స్ ఎక్కువ తెరుచుకుంటుంది). కొన్న బాడీ ఎవరి చేతుల్లో ఎలా తిరిగిందో మనకు తెలియదు, రేంజ్‌ఫైండర్ (ఫైండర్ మధ్యలో కనిపించే రెండు బొమ్మల్ని ఒకటిగా కలిపి ఫోకస్ చేసే అమరిక) కాస్త తప్పి ఉండొచ్చు. ఒక మీటరు దూరంలో 35 ఎఫ్/2.5కి ఫోకస్ లోతు సుమారు 12 సెంటీమీటర్లు, 35 ఎఫ్/1.4కి 7, 50 ఎఫ్/2కి 5 లోపే. లోతు తక్కువైన కొద్దీ బొమ్మ మసకేస్తే తప్పు లెన్స్‌దా, బాడీదా, మీ చేతిదా అన్నది తేలదు. మొదటి లెన్స్ నమ్మకంగా కొలబద్దలా పనిచేయాలి, మిగతావన్నీ దాని పక్కన పెట్టి తూచేలా ఉండాలి. ఆ లెక్కన మీ జాబితాలో స్కోపార్‌దే నా ఓటు. 134 గ్రాములే. వేలికి ఆనే చిన్న పిడి ఉంటుంది కాబట్టి నాలుగు రోజులు వాడితే పిడి ఎటు ఉందో చూసి దూరం చెప్పేయొచ్చు.

మార్కెట్లో ఫోకస్ చేసే తీరిక ఉండదు. ఎఫ్/8లో పెట్టి రింగ్‌ను 3 మీటర్ల దగ్గర వదిలేయండి. లెన్స్ మీది గీతల ప్రకారం 1.9 నుంచి 7 మీటర్ల దాకా బాగుండాలి. కానీ ఆ గీతలు ఫిల్మ్ కాలం లెక్కతో గీసినవి, 18 మెగాపిక్సెల్ ఫైలును 100 శాతంలో చూస్తే అంచు దూరాలు మెత్తగా ఉంటాయి. ఎఫ్/8లో తీస్తూ ఎఫ్/4 గీతలు నమ్మండి, అంటే 2.3 నుంచి 4.2 దాకా.

ఎండపొద్దు

35 అన్నంతవరకు పైవారితో ఏకీభవిస్తాను. ఎఫ్/2.5 దగ్గర ఒప్పుకోను. ఎమ్9 సీసీడీ సెన్సర్ పగటివేళ రాజులా ఉంటుంది గానీ రాత్రి దానికి ఓపిక తక్కువ. ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) 160 దాని సొంత స్థాయి, 640 దాకా నిశ్చింత, 800 దాటితే నీడల్లో గరుకు, గీతలు. మామూలు ట్యూబ్‌లైటు గదిలో ఐఎస్ఓ 640, ఎఫ్/2 పెడితే షట్టర్ 1/60 సెకను అటూ ఇటూగా వస్తుంది. ఎఫ్/2.5లో 1/40. కుదురుగా ఉండని పిల్లలకు 1/60 కూడా అంతంతమాత్రమే, 1/40 అయితే చేతులు కదిలిపోతాయి. ఒక స్టాపులో (వెలుతురు రెట్టింపయ్యే మెట్టులో) మూడింట రెండు వంతుల ఈ తేడా మీ సాయంత్రాలకు నిజంగా అవసరం. మీ జాబితాలో లేనిది ఒకటి చెబుతాను: ఫోక్ట్‌లాండర్ అల్ట్రాన్ 35 ఎఫ్/2 అస్ఫెరికల్, 2019లో వచ్చింది, 170 గ్రాములు. లెన్స్ 0.58 మీటర్ల దాకా దగ్గరికి తిరుగుతుంది. కానీ ఎమ్9 రేంజ్‌ఫైండర్ 0.7 దగ్గరే ఆగిపోతుంది, ఆ చివరి కొంచెం ఈ బాడీలో పనికిరాదు. దానికోసమని కొనకండి. ఎఫ్/2 కోసం, అంత చిన్న సైజు కోసం కొనండి.

నాక్టన్ 35 ఎఫ్/1.4 అందమైన లెన్సే, మొదటిది మాత్రం కాకూడదు. దానికి ఫోకస్ షిఫ్ట్ ఉంది. పూర్తిగా తెరిచినప్పుడు సరిగ్గా ఉన్న ఫోకస్, ఎఫ్/2 నుంచి ఎఫ్/4 మధ్య మూసినప్పుడు వెనక్కి జారుతుంది. రేంజ్‌ఫైండర్‌కి అపర్చర్ ఎంతుందో తెలియదు, అది రింగ్ చెప్పిన దూరమే చూపిస్తుంది. ఫైండర్‌లో కళ్ల మీద కలిసిన బొమ్మ ఫైల్లో చెవుల మీద పదునుగా ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు దీన్ని బాడీ లోపం అనుకుని, బాగున్న బాడీని విప్పిస్తారు.

ఇంకో మాట, ఎఫ్/1.4 మీద ఆశపడే ముందు మన ఎండ గుర్తుపెట్టుకోండి. ఎమ్9 షట్టర్ 1/4000 దగ్గర ఆగుతుంది. మిట్టమధ్యాహ్నం ఐఎస్ఓ 160లో ఎఫ్/16కి 1/160 అనుకుంటే, ఎఫ్/4కి 1/2500, ఎఫ్/2.8కి 1/5000 కావాలి. అంటే ఎఫ్/2.8 కూడా అందదు! ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురు తగ్గించే గాజు) లేకుండా పగలు ఎఫ్/1.4 వాడటం కల్ల. ఐఎస్ఓను 80కి దించే పుల్ 80 అనే సెట్టింగు ఉంది గానీ అందులో తెల్లటి భాగాలు త్వరగా కొట్టుకుపోతాయి.

గమనిక: ఎమ్9 ఫ్రేమ్ లైన్లు ఒక మీటరు దూరానికి సరిచేసినవి. దూరంగా ఉన్నది తీస్తే గీతల బయట ఉన్నది కూడా చాలా వచ్చేస్తుంది. కరెంటు స్తంభం ఫ్రేమ్‌లో లేదు కదా అనుకుంటే ఫైల్లో ఉంటుంది.

తీరం_వైజాగ్

ఇద్దరికీ ధన్యవాదాలండీ. అద్దాలతో చూశాను, 35 అంచులు కనిపిస్తున్నాయి, కుడివైపు మాత్రం కాస్త కన్ను జరపాలి. అల్ట్రాన్ వైపు మొగ్గుతున్నాను. రెండు సందేహాలు. జూపిటర్ చవగ్గా వస్తోంది కదా, దాన్ని 50 కింద పక్కన పెట్టుకోవచ్చా? లెన్స్ వచ్చాక రేంజ్‌ఫైండర్ సరిగ్గా ఉందో లేదో ఇంట్లోనే ఎలా తేల్చుకోవాలి?

స్క్రూమౌంట్

జూపిటర్-8 వద్దండి. బొమ్మ బాగుంటుంది, పోర్ట్రెయిట్‌కి దాని మెత్తదనం చాలామందికి ఇష్టం. చిక్కు వేరే ఉంది. ఈ రష్యన్ లెన్సులు జర్మన్ కాంటాక్స్ కెమెరాల లెక్క మీద తయారయ్యాయి. ఆ లెక్కలో 50 లెన్స్ అసలు ఫోకల్ లెంగ్త్ 52.4 మి.మీ., లైకా లెక్కలో 51.6. అందుకే దూరంలో సరిచేస్తే దగ్గర తప్పుతుంది, దగ్గర సరిచేస్తే దూరం పోతుంది. ఎఫ్/5.6, ఎఫ్/8లో కప్పిపుచ్చుకుంటుంది గానీ ఎఫ్/2లో ఒకటిన్నర మీటర్లలో ముఖం తీస్తే తెలిసిపోతుంది. షిమ్ (లెన్స్ లోపలి పలుచని రింగు) మార్చి సరిచేసేవాళ్లున్నారు, ఆ ఖర్చు కలిపితే అది చవక కాదు.

జూపిటర్ లాంటి ఏ స్క్రూ మౌంట్ (మరతో బిగించే) లెన్స్ కొన్నా, దాన్ని ఎమ్9కి తగిలించే అడాప్టర్ సంగతి చూడండి. మందం సరిగ్గా 1 మి.మీ. ఉండాలి (మౌంట్ నుంచి సెన్సర్ దాకా దూరం స్క్రూ మౌంట్‌లో 28.8 మి.మీ., ఎమ్9 వాడే ఎమ్ మౌంట్‌లో 27.8). నాసిరకం అడాప్టర్ కొంచెం మందమైతే అనంతం (బాగా దూరపు వస్తువుల ఫోకస్) అందదు. పైగా అడాప్టర్లు మూడు రకాలు, ఏ ఫ్రేమ్ జంట రావాలో దాన్ని బట్టి. 50 లెన్స్‌కి 35 అడాప్టర్ పెడితే ఫైండర్‌లో 35 గీతలే వస్తాయి.

ఇక పరీక్ష. ముందు దూరం. ఆర్కే బీచ్‌లో నిలబడి డాల్ఫిన్స్ నోస్ మీది లైట్‌హౌస్ వైపు చూడండి, లెన్స్‌ను చివరిదాకా తిప్పి. రెండు బొమ్మలు అడ్డంగా కలిసి ఒకటే గీతగా కనిపించాలి. నిలువు అంచున్న వస్తువే ఎందుకంటే రేంజ్‌ఫైండర్ కొలిచేది పక్కకు జరగడాన్నే. అక్కడే ఇంకొకటి గమనించండి, ఒక బొమ్మ మరొకదానికంటే పైనో కిందో ఉందా? అది నిలువు తప్పు. ఫోకస్ కొలత నేరుగా మారదు గానీ కళ్లు లాగుతాయి, బొమ్మ కలిసిందో లేదో తేల్చడం కష్టమవుతుంది.

తర్వాత దగ్గర. కెమెరా స్టాండు మీద, ఒక మీటరు దూరంలో వార్తాపత్రికను 45 డిగ్రీల వాలులో పెట్టండి. మధ్యలో ఒక వరుస మీద పెన్నుతో నల్లటి నిలువు గీత గీసి దాని మీద ఫోకస్ చేయండి. ఎఫ్/2, వెలుతురు బాగా ఉండాలి. ప్రతిసారీ రింగ్‌ను అనంతం నుంచి మొదలుపెట్టి ఒకే వైపు తిప్పుతూ ఆగండి, ముందుకు వెనక్కు ఆడిస్తే వేలి తప్పు కూడా కలుస్తుంది. కనీసం ఐదు ఫోటోలు తీసి 100 శాతంలో చూడండి. పదును ప్రతిసారీ గీతకు ముందు వరుసల్లోనే పడుతుంటే అది యంత్రం తప్పు. ఒకసారి ముందు, ఒకసారి వెనక అయితే చేతి తప్పు. ఇంకెవరిదైనా నమ్మకమైన లెన్స్ అడిగి పెట్టి చూడండి: రెండు లెన్సులూ ఒకే వైపు తప్పితే బాడీ, ఒక్కటే తప్పితే ఆ లెన్స్. మౌంట్ లోపల కనిపించే చిన్న చక్రం ఉన్న చేతిని మీరు తిప్పకండి. అనంతం, దగ్గర రెండూ కలిపి సరిచేయాల్సినది అది, కొలిచే పరికరం లేకుండా తిప్పితే పూర్తిగా దారి తప్పుతుంది.

చూపుమేర

స్క్రూమౌంట్ గారు చెప్పినదానికి చిన్న చేర్పు. వాడిన అల్ట్రాన్ కొంటే మొబైల్ టార్చ్‌ను వెనక గాజు వైపు నుంచి వేసి, ముందు నుంచి ఏటవాలుగా చూడండి. ఒకసారి ఎఫ్/2లో, ఒకసారి ఎఫ్/16లో. పాలపొరలాంటి తెలుపు కనిపిస్తే హేజ్, సాలెగూడులాంటి దారాలైతే ఫంగస్. ముందు గాజు మీద ఒకటి రెండు దుమ్ము రేణువులకు భయపడక్కర్లేదు, హేజ్ ఉంటే మాత్రం ధర ఎంత తగ్గించినా వదిలేయండి. విశాఖ గాలిలో లెన్స్‌ను తోలు సంచిలో మూసి ఉంచకండి, ఫంగస్‌కి అంతకంటే మంచి చోటు లేదు. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్, ఒక చిన్న తేమ మీటరు, 40 నుంచి 50 శాతం మధ్య.

మెనూలో లెన్స్ డిటెక్షన్‌ను మాన్యువల్‌లో పెట్టి జాబితాలో 35 ఎఫ్/2 ఎంచుకోండి. ఆటోలో ఉంచితే మౌంట్ మీది స్క్రూ తలల్ని లైకా లెన్సుల మీద ఉండే గుర్తింపు కోడ్‌గా చదివి వేరే లెన్స్ అనుకోవచ్చు.

హుడ్ కొంటే పక్కన చీలికలున్నదే కొనండి. నిండు హుడ్ ఫైండర్ కుడి కింది మూలను కప్పేస్తుంది. ఎమ్9కి యూవీ ఫిల్టర్ అవసరం లేదు. ఇది చదివే ఎమ్8 (దీనికి ముందు మోడల్) వాళ్లకు మాత్రం యూవీ/ఐఆర్ ఫిల్టర్ తప్పనిసరి, లేకుంటే నల్లటి సింథటిక్ బట్ట వంగపండు రంగుకు తిరుగుతుంది. పైగా వాళ్ల సెన్సర్ చిన్నది, 35 లెన్స్ 47లా పనిచేస్తుంది, కాబట్టి ఈ సలహా వాళ్లకు 28 అని చదువుకోవాలి.

ఎండపొద్దు

పట్టుచీరలు తీసేటప్పుడు ఒక్కటి చూసుకోండి. ఎమ్9 సెన్సర్ ముందు మసక ఫిల్టర్ లేదు, అల్ట్రాన్ లాంటి పదునైన లెన్స్‌తో ఎఫ్/4, ఎఫ్/5.6లో సన్నని నేత మీద రంగురంగుల అలలు వస్తాయి. వెనక స్క్రీన్ మీద సరిగ్గా తెలియదు, కంప్యూటర్‌లో 100 శాతంలో బయటపడుతుంది. రెండడుగులు ముందుకో వెనక్కో జరిగి ఇంకొకటి తీయండి, లేదా ఎఫ్/11కి మూయండి. ముఖ్యమైన ఫోటో అయితే రెండు దూరాల్లోనూ తీసి పెట్టుకోవడం మంచిది.